అంగుళం

హైలక్స్ ఇంజను కింద
రెండు ఇనుప దిమ్మెలు,
ఒక్కొక్కటి అంగుళం మందం.
తొమ్మిదేళ్ళ కిందట ఒక వానరాత్రి
సానీ కనుమకి ఇవతల
టార్చిలైటు పళ్ళతో కరిచి పట్టుకుని
పాత నాగలి పట్టీ కోసి లెబూసా చేసినవి.

అప్పుడే వేసిన ముందు యాక్సిల్
గుంట గుంటకీ లేచి
ఆయిల్ సంపును పొడుస్తుంటే
యాక్సిల్‌కి ఏం చెప్పలేక ఇంజన్ని పైకెత్తాం,
ఇంట్లోకి నీళ్ళొస్తే
మంచం మీద మంచం వేసినట్టు.

ఆనాటినుంచి బండికి వణుకు.
రెండో గేరులో పుట్టి
సీటులోంచి వెన్నులోకి ఎక్కుతుంది.
అద్దంలో ప్రతి కొండా రెండు కొండలు.
ఫ్యాను రెక్కలు తొడుగును గీకి గీకి
ప్లాస్టిక్కు మీద నెలవంక చెక్కాయి.
పాలక్యాను మూత,
ఏ తాడుతో కట్టినా,
మొఖొట్లాంగ్ దాకా మాట్లాడుతూనే వస్తుంది.

ఈ ఏడు మేకబొచ్చుకి మంచి ధర పలికింది.
కొత్త స్ప్రింగులు వేశాను. గట్టివి, అంత దిగవు.
"మరి దిమ్మెలెందుకింకా?" అంటాడు ఖౌహెలో.
పంతొమ్మిదేళ్ళవాడు, చేతిలో పదిహేడో నంబరు స్పానరు.
విప్పడానికి ఏదో ఒకటి ఉంటే చాలు వాడికి.

లెబూసా నొచ్చుకుంటాడేమోనని
ముందు టీ ఇచ్చాను,
తర్వాత మంచు ఎప్పుడు పడుతుందో మాట్లాడాను.
నేను నసుగుతుండగానే
"తీసెయ్యమ్మా" అన్నాడు.
"ఆ రాత్రి దొరికిన ఇనుము అంత మందం.
అరంగుళముంటే అరంగుళమే పెట్టేవాణ్ణి.
రెండంగుళాలుంటే బానెట్టు కోసేవాణ్ణి.
లెక్క వేసింది నేను కాదు, నాగలి."

తొమ్మిదేళ్ళు
ఆ అంగుళాన్ని తెలివనుకున్నాను.
అడిగినవాళ్ళకి వివరించాను కూడా,
షాఫ్టు కోణమనీ, అదనీ, ఇదనీ.

విప్పాం.
మోయలేని మూట దించుకున్న మనిషిలా
ఇంజను చిన్నగా మూలిగి కూర్చుంది.
తాళం తిప్పితే, ఏం చెప్పను,
అద్దంలో ఒక్కటే కొండ.
దాని భుజం మీద మేకల కాపరి,
వాడి దుప్పటి అంచు ఎరుపు కూడా.
ఖౌహెలో డ్యాష్‌బోర్డు మీద
లోటి బిళ్ళ అంచు మీద నిలబెట్టాడు.
నిలబడింది!
ఇంకేముంది, ఇంటికి పోవచ్చు.

లెబూసా మాత్రం ఖుబెలు ఏటికి దిగి
పిడికెడు బంకమట్టి తెచ్చాడు.
యాక్సిల్ గుండు మీద, సరిగ్గా సంపు కింద,
రొట్టెపిండిలా అద్దాడు.
"బేళ్ళు ఎక్కించు, మామూలు బరువు.
ఆ రేవు దగ్గర రాయి మీదుగా పోనీ.
నన్ను చూసి మెల్లగా కాదు,
చీకటి పడ్డాక ఎలా తోలతావో అలా."

తోలాను.
నాలుక కరుచుకున్నాను.
వచ్చి వెల్లకిలా ముగ్గురం బండి కింద దూరాం.

మట్టి గోరంత మిగిలింది.
అందులో సంపు బోల్టు ముద్ర,
ఆరు మూలలూ తీరుగా,
లక్క మీద ఒత్తినట్టు.

ఎండ రోజుకి గోరంత చాలు.
జూన్ నెలలో,
మంచు కింద రాయి ఏదో తెలియని చోట,
నర్సు లింఫో టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని
నా పక్కన కూర్చున్నప్పుడు?
ఎవరూ అనలేదు ఆ మాట.
ఖౌహెలో బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

మళ్ళీ ఎక్కించేసరికి సాయంత్రమైంది.
ఎడమ బోల్టు అడ్డం తిరిగింది,
నేనూ తిరిగాను దాంతో, నోటికొచ్చిన తిట్లతో.
ఫ్యాను తొడుగును మాత్రం
చుట్టూ కోసి అంగుళం కిందికి దించాను.
గీకుడు ఆగింది. వణుకు ఆగలేదు.
తొమ్మిదేళ్ళకి మొదటిసారి
అదెందుకో తెలిసి వణుకుతున్నాను.

మట్టిబిళ్ళ స్టవ్వు పక్కన ఎండుతోంది.
"పారెయ్" అంటాడు లెబూసా. పారెయ్యను.

ఇంటిదారిలో మళ్ళీ అద్దంలో రెండు కొండలు,
పాలక్యాను మూత మళ్ళీ మొదలు.
దాని మీద ఎడమచెయ్యి ఆనించాను.
మలుపొచ్చేదాకా ఊరుకుంది.